అత్త పేరు రాసిన రక్తం

దయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు. హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేస్తాను. పరీక్షకు నిలవనిది నా దృష్టిలో లేనట్టే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా నానమ్మకు నుదుటి పైన ఒక జుట్టు పాయ పుట్టుకతోనే తెల్లగా ఉండేది. చెవులు వినపడవు. చిన్నప్పుడు జహీరాబాద్ ఇంట్లో ఆమె ఒళ్లో కూర్చుని నేను కబుర్లు చెబుతుంటే, నా గొంతు మీద అరచేయి ఆనించి, మాట కదలిక తెలిసి నవ్వేది. ఆ చేతికి ఎప్పుడూ జొన్నపిండి వాసన. నేను బడిలో చదువుకునే రోజుల్లోనే నానమ్మ పోయింది.

ఆ తెల్లపాయ నాన్నకూ, ఆయన చెల్లెలు మా అత్తకూ వచ్చింది. అత్త మనవరాలికి పుట్టుకతోనే వినికిడి లేదు. కడుపుతో ఉండగా గ్రహణం పూట బయట తిరిగిందని చుట్టాలు అత్త కోడలినే తప్పుపట్టారు. అది తప్పని చూపించాలనుకున్నాను.

ఇతర జన్యువులను పనిలోకి దింపే జన్యువు ఒకటి రెండో క్రోమోజోమ్ మీద ఉంది; అది చెడితే తెల్లపాయా, చెవుడూ రెండూ రావచ్చు. దాని నిర్మాణమంతా చదివి, మావాళ్లలో తేడా ఎక్కడుందో పట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం అత్త ఇంట్లో అందరి రక్తం నేనే తీశాను. సూది దిగుతుంటే అత్త కళ్లు మూసుకుంది.

"ఎందుకో అమ్మ బాగ యాదికొస్తుంది బిడ్డా. జర మెల్లగ గుచ్చు," అంది.

గొట్టం మీద అత్త పేరు ఆమె కళ్లెదుటే రాశాను.

తేడా దొరికింది. నాన్నలో, అత్తలో, అత్త కొడుకులో, పాపలో ఉంది. కోడలిలో లేదు. ఆమె మీది నింద అంతటితో పోయింది.

కానీ అత్త రక్తం నాన్న రక్తంతో చెల్లెలిలా కలవలేదు. తల్లిలా కలిసింది. నాన్న కంటే చిన్నదైన అత్త ఆయనకు తల్లెలా అవుతుంది? మళ్లీ జహీరాబాద్ వెళ్లి అత్త రక్తం తీశాను. ఈసారి సరిగ్గా అన్నాచెల్లెళ్లే. మొదటి గొట్టాన్ని మరోసారి పరీక్షించాను. అందులోది ఆ ఇద్దరినీ కన్నతల్లి రక్తం, ఎప్పుడో పోయిన నానమ్మది.

ఎంత ఆలోచించినా ఎలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ఇంక జర మిగిలిందా బిడ్డా? నాకు చూపెట్టు," అన్నాడు.

మర్నాడే బస్సెక్కి హైదరాబాద్ వచ్చాడు. మంచుపెట్టెలోంచి ఆ మొదటి గొట్టాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను.

"గింత సల్లగుందేందే," అని, గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా రుద్దసాగాడు.

వెచ్చబడితే పాడైపోతుందని తెలిసీ, నేను వద్దనలేదు.