నలభై అయిదు సెకన్లు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ గడియారం సారు అంటారు. ఒక కాలరుకు ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీతో చూసి, గంటకు ఎన్ని కుట్టాలో తేల్చడం ఆయన పని. మెషిన్ దగ్గరికి వస్తూ ఓసారి దగ్గుతాడు, వాచీని రుమాలుతో తుడుస్తాడు. ఆ దగ్గు వినగానే ఆడవాళ్ల చేతులు నెమ్మదిస్తాయి. వేగం చూపిస్తే పని పెరుగుతుంది గానీ జీతం పెరగదని వాళ్లకు తెలుసు. ఆయనా ఒకప్పుడు మెషిన్ తొక్కినవాడే. ఎరిగీ ఎరగనట్టు 'నిమిషం' అని రాసుకుని కదిలేవాడు.

మొన్న ఆయన చెల్లెలు కొత్తగా చేరింది. ఆ దగ్గు సంగతి ఆమెకు ముందే చెప్పాల్సింది. ఇంట్లో పెద్ద ఆఫీసరులా తిరిగే మనిషికి తన ఉద్యోగం ఇలా నడుస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన దగ్గగానే, అన్న పరువు నిలబెట్టాలని ఆమె తల వంచుకుని చకచకా కుట్టేసింది. నలభై అయిదు సెకన్లు. వెనకే మేనేజరు.

"కొత్తమ్మాయే కుట్టగా లేంది, పాతవాళ్లకేం రోగం? రాయవయ్యా!"

రాశాడు. మర్నాటి నుంచి గంటకు అరవై కాలర్లు ఎనభై అయ్యాయి. జీతం అక్కడే ఉంది. భోజనాల దగ్గర చెల్లెలి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

"బాగానే కుట్టాగా అన్నయ్యా?" అంది, ఇంటికెళ్తూ.

"బాగా కుట్టావమ్మా," అన్నాడు, రోడ్డు వంక చూస్తూ.

ఇప్పుడాయన గుమ్మం దగ్గర్నుంచే దగ్గుతూ వస్తాడు. ఒక్క చెయ్యీ నెమ్మదించదు. ఎనభై పూర్తి చెయ్యాలి.