ఇటలీ పాటకు నా చెకింగు

ఇన్నేండ్లు నా పరువు పోతే సూరత్‌ల మా ఉధ్నా గల్లీలనే పోయేది. ఈసారి ఇటలీ దాకా పోయింది! ఎట్లనో చెప్త, జర నవ్వకుండ వినుండ్రి. నవ్వినా ఏమనను లెండ్రి, మా ఇంట్లోళ్ళు నవ్వినంకనే ఈ ముచ్చట మీదాకా వచ్చింది.

మేము సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌కు వచ్చినప్పుడు నా పెండ్లి చీర రంగు ఇంకా పోలే. మా ఆయనది సాంచెల మీద, అంటే బట్ట నేసే మిషన్ల మీద పని, నాది బట్ట చెకింగు. చెకింగంటే నేసిన తానును వెలుగుకు అడ్డం పట్టి చూసుడు. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడ్డది, ఎక్కడ ముడి లేచింది, అంతా చూసి, మంచిగుంటే అంచుకు సుద్దతోని గీత పెట్టాలె. గీత పడ్డంకనే మడత. మడత అయినంకనే ప్లాస్టిక్ కవరు. చెకింగు కాకముందే ఎవరన్న కవరు తొడిగితే సేఠ్ ఇంతెత్తు లేచేటోడు. ఈ మాట జర గుర్తు పెట్టుకోండ్రి. నా కొంప ముంచింది ఇదే.

మా ఆయన కార్ఖానాకు ఒకప్పుడు ఇటలీ నుంచి కొత్త సాంచెలు వచ్చినయి. వాటిని బిగించెతందుకు ఒక ఇటలీ సాబ్ వచ్చి కొన్ని నెలలు ఉన్నడు. మా ఇంటికి వచ్చి, కారానికి కండ్లల్ల నీళ్ళు కారుతున్నా రొట్టె, తొక్కు అడిగి మరీ తినేటోడు. పోయేటప్పుడు తన టేప్ రికార్డరు, ఒక క్యాసెట్టు మా ఆయన చేతుల పెట్టి పోయిండు. ఒక సినిమాకు వాళ్ళ నాయిన కట్టిన సంగీతమట. మాటలుండయి, ఒట్టి వాయిద్యాలే. ఒక దాంట్ల మాత్రం ఎవరో ఈల వేస్తరు. ఆ ఈల మా ఆయనను పట్టుకున్నది! సాంచె కాడ అదే, బజారుల అదే, తానం చేస్తున్నా అదే. "ఇంట్ల ఈలలేందిరా, పాములొస్తయి!" అని మా అత్త తిట్టేది. ఆయన జర ఆగి, మళ్ళ మొదలుపెట్టేటోడు.

మా ఆయన పోయినంక ఆ క్యాసెట్టును మూడు కవర్లల చుట్టి రేకు సందుగల అడుగుకు పెట్టిన. మళ్ళ వినలే.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలు బందైనయి. ఉధ్నాల సాంచె చప్పుడు ఆగుడంటే ఏందో బయటోళ్ళకు చెప్పినా తెల్వదు. అరిచి మాట్లాడుకునుడే మాకు అలవాటు గదా, చప్పుడు ఆగినంక కూడ కొన్నాళ్ళు గట్లనే అరుసుకున్నం. ఉప్పు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉండేది. మా మనుమరాలు అర్చన కంప్యూటర్ల చీరల డిజైన్లు వేస్తది. ఆమె పని కూడ ఆగింది. ఏం తోచక నాకు అక్షరాలు నేర్పుడు పెట్టుకున్నది. ముసలిదానికి ఇప్పుడెందుకన్నా వినలే. పలక కోసం సందుగ తెరిచింది. పలక దొరకలే, క్యాసెట్టు దొరికింది.

"బాపమ్మా, ఇదేంది?"

"అక్కడ పెట్టు. పాడైతది."

"వినకుండ దాస్తే ఏం లాభం?"

సాబ్ ఇచ్చిన టేప్ రికార్డరు దుమ్ము తుడిచి వేసింది. చప్పుడు లేని గల్లీల ఆ ఈల మొదలైంది. నేను వంటింట్లకు పోయి గిన్నెలు కడిగిన. కడిగిన గిన్నెలనే మళ్ళ కడిగిన.

అర్చన ఆ పాట ముక్కను నెట్టుల పెట్టి, ఇది ఎవరిదో తెలుసా అని అడిగింది. ఇగ చూడండ్రి! పాత సినిమాల సంగీతం ఏరుకుంట తిరిగేటోళ్ళు లోకమంతా ఉన్నరట. వాళ్ళంతా లేచి కూసున్నరు. ఆ సినిమా సరిగ్గ ఆడనేలేదట, అసలు టేపులు ఎప్పుడో వరద నీళ్ళల్ల పోయినయట. మిగిలింది మా సందుగల ఉన్నదొక్కటే! ఆ ఇటలీ సాబ్ ఇప్పుడు లేడు. ఆయన చెల్లె ఉన్నదని వాళ్ళే వెతికి పట్టుకున్నరు, క్లారా. నా ఈడుదే. కరోనా వచ్చి బతికి బయటపడ్డది గని ఊపిరి ఇంకా సరిగ్గ అందదు. మాటకు మాటకు నడుమ ఆగుతది. ఆమెకు ఒకటే కోరిక: తండ్రి సంగీతం బయటికి వచ్చి, ఆయన పేరు అట్ట మీద చూడాలె.

అర్చన క్యాసెట్టు పాటలన్ని నెట్టుల పంపితే, అక్కడి ఒక చిన్న కంపెనీ ఆయన సీడీ వేస్తనన్నడు. వేస్త గని ముందుగాల ఏరుకునేటోళ్ళ కోసం కొన్ని ఖాసు కాపీలు మాత్రమే వేస్త, అవి పోతెనే మిగతావి, పోకుంటే అక్కడికి బంద్ అన్నడు. తన అన్న పని చేసిన ఊరు గదా, ఆ ఖాసు కాపీలను సూరత్ బట్టతోని కుట్టిన సంచులల్ల పెడదామని క్లారా అడిగింది. సంచులు నేను, మా కోడలు సుజాత కుట్టినం. సీడీలు ఇటలీ నుంచి మా ఇంటికి వస్తయి, సంచులల్ల పెట్టి కొన్నోళ్ళకు పోస్టు చేసుడు అర్చన పని.

డబ్బా వచ్చింది. రోగం భయానికి కొన్ని దినాలు బాల్కనీల మూలకు పెట్టి, దాన్ని చూసి దూరంకెళ్ళి నడిచినం. ఆఖరికి లోపటికి తెచ్చిన పొద్దు అర్చన, సుజాత టీకా లైన్ల నిలబడెతందుకు పోయిండ్రు. వచ్చెసరికి పని చేసి పెడితే బిడ్డ సంబరపడతది గదా అనుకున్న. డబ్బా విప్పిన.

ఏమున్నది లోపట! ఒక్కొక్క దానికి ప్లాస్టిక్ బిగ్గెగ తొడిగి ఉన్నది!

"అయ్యో రామా, చెకింగు కాకముందే కవరేసిండ్రు! ఇటలీల సేఠ్‌లు లేరా?" అని గోడతోని మాట్లాడుకుంట, పోగులు కత్తిరించే కత్తెర తీసిన. కిటికీ కాడ కూసొని ఒక్కొక్క కవరు విప్పిన. పెట్టె తెరిచిన. సీడీని వెలుగుకు పట్టిన. మొదటి దానికి నడుమ బొక్క కనబడ్డది. అరెరె, ఫాల్టు మాల్ అని పక్కకు పెట్టిన. రెండోదానికి కూడ బొక్క! మూడోదానికి కూడ! అప్పుడు అర్థమై మొదటి దాన్ని మళ్ళ మంచి మాల్‌ల కలిపిన. గీత లేకుండ, మరక లేకుండ తళతళ మెరుస్తున్నయి. ప్రతి దాంట్ల నా ముఖం కనబడ్డది, చుట్టు ఇంద్రధనుసు. కొంగుతోని తుడిచి, సంచుల పెట్టి, సంచి అడుగుకు చిన్న సుద్ద గీత పెట్టిన. చానా ఏండ్ల తర్వాత నా చేతులకు తెలిసిన పని దొరికింది. విప్పిన ప్లాస్టికంతా ఉండ చుట్టి చెత్త బండిల వేసిన. పని శుభ్రంగ చేసుడు నాకు అలవాటు మరి.

అర్చన వచ్చింది. టీకా వేసిన చెయ్యి పట్టుకొని తలుపు కాడనే నిలబడ్డది.

"బాపమ్మా... సీలు ఏది?"

"ఏం సీలు?"

"సీడీల మీది ప్లాస్టిక్!"

"చెత్త బండి పోయింది గదా. చెకింగు చేసిన బిడ్డా, అన్ని ఓకే మాల్!"

పోరి కింద కూలబడ్డది. "డబ్బా మీద ఎర్రగ రాసుంది గదా, విప్పొద్దని!"

"ఏ భాషల?"

"ఇంగ్లీషుల!"

"నువ్వు నాకు నేర్పింది తెలుగు గదనే."

మా సుజాత నవ్వు ఆపుకోలేక వంటింట్లకు ఉరికింది. అర్చన నవ్వలే. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఏరుకునేటోళ్ళకు సీలే ప్రాణమట. సీలు పోతే వద్దంటరట. వాళ్ళు వద్దంటే కంపెనీ ఆయన మిగతావి వెయ్యడు.

"సీలు తియ్యకుంటే పాట ఎట్ల వింటరే?"

"కొందరు వినరు బాపమ్మా. కొని దాచుకుంటరు."

"వినరా!" ఆ క్లారమ్మ తండ్రి అంత కష్టపడి కట్టింది, ఈల వేసినాయన అంత ఊపిరి పెట్టి వేసింది, ప్లాస్టిక్‌ల పెట్టి చూసెతందుకా?

అయినా తప్పు నాది. దిద్దుదామనుకున్న. మా ఇంట్ల అప్పడాల కవర్లు కొవ్వొత్తి మంటకు చూపి అతికించుడు నాకు బాగ వచ్చు. ఒక సీడీని చీరల కవరుల పెట్టి, అంచు మడిచి, మంటకు చూపిన. కవరు అతికింది. కవరుతోని పాటు పెట్టె మూల కూడ కరిగి వేలాడింది! కమురు వాసన గల్లీ దాకా పోయింది.

"బాపమ్మా! ఇప్పుడేం కాలవెడుతున్నవ్?"

"ఏం లేదే. ఇటలీని అతికిస్తున్న."

ఇగ దాచేది లేదు. అర్చన కండ్లు తుడుచుకొని, "ఎవరో చెప్పేకన్న మనమే చెప్దాం," అని క్లారాకు వీడియో కలిపింది. నేను తప్పు చేసిన బడిపిల్ల లెక్క కొంగు కప్పుకొని పక్కకు కూసున్న. క్లారా మెడకు శాలువా చుట్టుకొని ఉన్నది. అర్చన ఇంగ్లీషుల చెప్తున్నకొద్ది నేను క్లారా ముఖం దిక్కే చూసిన. నడుమ ఒకసారి ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. అయిపాయె అనుకున్న.

ఆమె ఏదో అడిగింది. అర్చన జవాబు చెప్పింది. మళ్ళ అదే అడిగినట్టున్నది.

"ఏమంటున్నదే? తిడుతున్నదా?"

"అన్నిటిని చూసినవా అని అడుగుతున్నది. ఒక్కొక్క దాన్ని వెలుగుకు పట్టి చూసిందని చెప్పిన. ఒక్కొక్క దాన్నా అని మళ్ళ అడిగింది."

క్లారా శాలువాను మెడ కాడ వదులు చేసుకున్నది. ఊపిరి అందుతలేదేమో అని నేను భయపడ్డ. తర్వాత ఆగి ఆగి నాలుగు మాటలన్నది. అర్చన నా దిక్కు తిరిగింది.

"మా నాయిన చేసిన పనిని ఇప్పటిదాకా ఎవరూ ఇంత శ్రద్ధగ చూడలే, అంటున్నది బాపమ్మా."

నాకు ఎటు చూడాలెనో తెల్వలే. చేతుల ఉన్న కత్తెర దిక్కు చూసిన.

కొన్నోళ్ళందరికి క్లారానే రాసింది. సీలు విప్పింది ఇన్నేండ్లు ఆ క్యాసెట్టును కాపాడిన మనిషి అని, ఒక్కొక్కటి చూసి గీత పెట్టిందని, వద్దనుకునేటోళ్ళు వద్దనచ్చని. కొందరు వద్దన్నరు. ఒకాయన పెద్ద ఉత్తరమే పంపిండు.

"తిట్టిండా?" అని అడిగిన.

"మర్యాదగ తిట్టిండు," అన్నది అర్చన.

అయినా చానా మంది తీసుకున్నరు. వద్దన్నవి కూడ మెల్లమెల్లగ పోయినయి. ఇగ కంపెనీ ఆయన మిగతావి కూడ వేసిండు. మొదటిది చేతికి వచ్చిన రోజు క్లారా వీడియో చేసి అట్టను ఫోనుకు ఎంత దగ్గర పెట్టిందంటే, మాకు ఆమె ముఖం కనబడనే లేదు. ఒక వేలు, దాని కింద ఆమె నాయిన పేరు, అంతే.

మూల కరిగిన సీడీని ఏం చెయ్యాలని అర్చన అడిగింది. "అది మీ బాపమ్మకే," అన్నదట క్లారా. "కాని ఒక షరతు. ఆమె దాన్ని దాచొద్దు. రోజు వినాలె." నేను ఫోను దిక్కు చూసి తల ఊపిన, చేతులు కూడ జోడించిన.

ఆ సీడీ ఎక్కడున్నదంటరా? రేకు సందుగల ఉన్నది. మూడు కవర్లల. అర్చన రోజు నెత్తి కొట్టుకుంటది.

"లోకమంతటి సీళ్ళు విప్పినవు, నీది మాత్రం కట్టి పెట్టినవా? సీడీ అరగది బాపమ్మా! ఎన్నిసార్లు విన్నా ఆ ఈల గట్లనే ఉంటది."

"ఉంటది తీ, నాకు తెల్వదా."

తెలుసు. అయినా ఆ ఈల రోజు వింటే జరంత జరంత తరిగిపోతదేమో అని నా భయం నాది. ఏదన్న పండుగకు ఒక్కసారి వింట. అందాక క్లారమ్మ ఫోన్ చేస్తే మాత్రం, బాపమ్మ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వింటున్నదని చెప్పమన్న.