వెళ్ళొస్తా అనకుండా గడప దాటితే

ఇవాళ పొద్దున, విదేశంలో మేముంటున్న పాయింట్ కుక్‌లో, మా గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ మా అమ్మాయి "బై మా, ఐమ్ గోయింగ్" అంది. నాకు ఒళ్ళు మండింది.

మీకూ గుర్తుండే ఉంటుంది. మన చిన్నప్పుడు "పోతున్నా" అంటే ఇంట్లో ఊరుకునేవారా? సైకిలెక్కినా సరే, మా నానమ్మ వెనక్కి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేది. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులో నీళ్ళిచ్చేది. ఆ నీళ్ళ పులుపు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. "వెళ్ళొస్తా" అని మనం, "వెళ్ళిరా తల్లీ" అని ఆవిడ అన్నాకే గేటు దాటడం.

మా అమ్మాయికి మాటలొచ్చినప్పటి నుంచీ చెబుతున్నాను. గోడకి చెప్పినట్టే ఉంది!

"ఇలా వచ్చి కూర్చో. మంచినీళ్ళు తాగి, వెళ్ళొస్తా అని చెప్పి వెళ్ళు."

"మా, సీరియస్లీ? బస్ మిస్సవుతా!"

విసుక్కుంటూనే కూర్చుంది. నీళ్ళు తాగి లేచి, "స్లాన్ అగత్" అంది. శనివారాలు పక్కింటి ఐరిష్ ఆంటీ దగ్గర ఆ భాష నేర్చుకుంటోంది లెండి.

"అదేంటే?"

"వెళ్ళేవాళ్ళు అలా అనాలి మా. ఉండేవాళ్ళు స్లాన్ ల్యాత్ అనాలి. అది చెప్పకుండా ఆంటీ నన్ను డోర్ దాటనివ్వదు."

ఆవిడ చెబితే కల్చర్, నేను చెబితే చాదస్తం!

"సరేలే, వెళ్ళు."

"నో మా, యూ హావ్ టు సే ఇట్."

నాకేమో ఆ స్లాన్ ల్యాత్‌కి నోరు తిరగదు. నేను సరిగ్గా అనేదాకా అది గుమ్మంలోంచి కదల్లేదు, అచ్చం నానమ్మలా.

బస్సు వెళ్ళిపోయింది.