రిమార్కుల కాలమ్

ఒక్క వేలు కదిపి ఊరంతటినీ నా మీదికి తెచ్చుకున్న ఘనత నాది. కొల్లేటి వరదలు చూసి చూసి దేనికీ బెదరని జనం కూడా ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. గట్టు తెగలేదు, వంతెన కూలలేదు. లైబ్రేరియన్ ఆన్‌లైన్ నేర్చుకుంది, అంతే.

అప్పట్లో నేను మండవల్లి దగ్గర ఒక ఊళ్ళో లైబ్రేరియన్‌గా పని చేసేదాన్ని. ఒక గది, ఎనిమిది బీరువాలు, రెండు పొడుగు బల్లలు, నేను. కంప్యూటర్ కూడా ఉండేది గానీ, దుమ్ము పడుతుందని దాని మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద వారపత్రికలు పేర్చేదాన్ని. అలాంటి నన్ను ఏలూరు పిలిపించి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు.

మొదటి రోజే నాకు మతిపోయింది. ఏలూరులో కూర్చుని, కంప్యూటర్‌లో ఆన్‌లైన్ పట్టీ ఒకటి తెరిచి, ఒక గడిలో నా పేరు కొడుతున్నాను. తాడేపల్లిగూడెంలో లైబ్రేరియన్‌గా ఉన్న నా స్నేహితురాలు విజయ అదే పట్టీ అక్కడ తెరుచుకుని, ఫోన్ చేసి, "కనిపిస్తోందే రత్నం! నీ పేరు అక్షరం అక్షరం ఇక్కడ పడుతోందే!" అని అరిచింది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆవిడ ఆ పక్క గడిలో "టిఫిన్ చేశావా" అని రాసింది. ఏలూరులో నా కళ్ళ ముందు ఆ మాట దానంతటదే పుట్టుకొచ్చింది. "చేశాను" అని రాసేటప్పటికి నా కళ్ళలో నీళ్ళు. నవ్వకండి. ముప్పై ఏళ్ళు బీరువా తాళాలు తిప్పిన చేతికి అది చిన్న అద్భుతం కాదు.

శిక్షణ ఇచ్చిన అమ్మాయి రెండు మాటలు చెప్పింది. పుస్తకాల పట్టీ పాఠకులకు పంపాలి. సభ్యుల పట్టీ మన దగ్గరే ఉంచుకోవాలి, అందులో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. రెండో మాట నాకు బాగా ఎక్కింది.

ఇక్కడ మీకు మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. సభ్యుల రిజిస్టర్‌లో చివర "రిమార్కులు" అని ఒక కాలమ్ ఉంటుంది. మనం సెలవు పెడితే బదులు వచ్చేవాళ్ళకు ఏ పాఠకుడి తీరు ఏమిటో తెలియాలి కదా, అందుకని అందులో పెన్సిలుతో రాసిపెట్టడం నాకు ముందున్నాయన నేర్పిన అలవాటు. ఆయన పొదుపుగా రాసేవారు. నేను ధారాళంగా రాసేదాన్ని.

ఆ కాలమ్ మొత్తం నేను మూడు వారాలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పుస్తకాల పట్టీ, సభ్యుల పట్టీ రెండూ చేతికందేలా ఉంటాయని ఒకే ఫైలులో పక్కపక్క పేజీలుగా పెట్టాను. ఒక సోమవారం ఉదయం పదింటికి, "ఇకపై మన పుస్తకాలన్నీ మీ చేతిలోనే" అని రాసి, పాఠకుల వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పెట్టాను.

పావుగంటలో నలభై మంది తెరిచారు! పుస్తకాల మీద ఊరికి ఇంత ప్రేమ ఉందా అని మురిసిపోతూ ఉండగా ఫోన్ మోగింది. రిటైరయిన హెడ్మాస్టారు.

"ఏవండీ రత్నకుమారి గారూ, నేను లైబ్రరీ పుస్తకాల్లో తప్పులు ఎర్ర సిరాతో దిద్దుతానని రాశారటండీ?"

"ఎక్కడండీ?"

"ఊరందరి ఫోన్లలోనండీ. 'పెన్ను తీసుకున్నాకే పుస్తకం ఇవ్వాలి' అని కూడా ఉంది. అయినా ఆ పుస్తకంలో పేజీకి నాలుగు తప్పులుంటే నేను చూస్తూ ఊరుకోవాలాండీ?"

పుస్తకాల పేజీతో పాటు పక్క పేజీ కూడా వెళ్ళిపోయింది. వెంటనే గ్రూపు తెరిచి ఆ లింకు తీసేయబోయాను. "నాకు మాత్రమే తొలగించు", "అందరికీ తొలగించు" అని రెండు కనిపించాయి. తప్పు చేసింది నేను, మధ్యలో అందరినీ కదపడం ఎందుకని, మర్యాద తెలిసినదాన్ని కదా, "నాకు మాత్రమే" నొక్కాను. లింకు మాయమైంది. హమ్మయ్య అనుకుని మంచినీళ్ళు తాగాను.

మళ్ళీ ఫోన్. ఈసారి స్కూలు టీచరు కరుణమ్మ గారి భర్త.

"ఏవండీ, మా ఆవిడకి ప్రేమ నవలలు వంటల పుస్తకం అట్టలో పెట్టి ఇస్తున్నారాండీ?"

"అదీ... అట్టలు చిరిగిపోతున్నాయనండీ..."

"ఎనిమిదేళ్ళండీ! ఎనిమిదేళ్ళుగా వంటల పుస్తకాలు తెచ్చి చదువుతూనే ఉంది, రోజూ అదే వంకాయ కూర! నాలో ఏదో లోపం ఉంది, నాలుకకి రుచి తెలియడం లేదేమో అని ఏలూరు వెళ్ళి డాక్టరుకి కూడా చూపించుకున్నానండీ!"

వెనకనుంచి కరుణమ్మ గారు పగలబడి నవ్వడం వినిపించింది. నేనూ నవ్వబోయాను. అంతలో నలభై ఒకటో వరస గుర్తుకొచ్చింది.

నలభై ఒకటి, సుబ్బారాయుడు గారు. చేపల చెరువుల రైతు, ఊళ్ళో పెద్దమనిషి. రోజూ ఉదయం వచ్చి, పేపరు చేతిలోకి తీసుకుని దర్జాగా కూర్చుంటారు. జనం పల్చబడ్డాక, "కళ్ళజోడు మర్చిపోయానండీ, కాస్త చదివి పెడతారా" అనేవారు. ఏడాదిపాటు రోజూ మర్చిపోయారు. ఒక రోజు కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. అది ఇద్దరం ఒకేసారి గమనించాం. ఆయన తల దించుకుని, "అమ్మా, నాకు చదవడం రాదు. ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. ఇది మీ దగ్గరే ఉండిపోవాలి" అన్నారు. ఉంచుతానని మాటిచ్చాను. మాటిచ్చి, నా బదులు వచ్చేవాళ్ళు ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చకూడదని ఆ కాలమ్‌లో రాశాను. ఇప్పుడు నేనే ఊరంతటికీ పంచిపెట్టాను.

లైబ్రరీకి తాళం వేసి, స్కూటీ మీద ఆయన చెరువు గట్టుకి బయలుదేరాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను, ఒక్క మాటా కుదరలేదు. ఒక మనిషి పరువు అరవై ఏళ్ళు కాపాడుకొస్తే నేను పావుగంటలో తీసేశాను.

కాపలా షెడ్డు దగ్గర ఆయన మంచం మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. చేతిలో ఫోను. అందులోంచి ఒక ఆడగొంతు ఏ భావమూ లేకుండా చదువుతోంది: "వరస సంఖ్య నూట పన్నెండు. రిమార్కులు. పేజీ తిప్పడానికి వేలు నాలుక మీద అద్దుతారు..."

"సుబ్బారాయుడు గారూ..."

"ఉండండమ్మా, మంచి పట్టులో ఉంది!"

నేనూ నిలబడి విన్నాను. ఏ మనిషి ఏ ముక్క రాసినా, ఒక వేలు పెడితే చాలు, ఆ ఫోను ఆయనకు చదివి వినిపిస్తోంది! ఇంత గొప్ప పని ఎవరు కనిపెట్టారో గానీ, అది మొదటగా వినిపించింది నా నిర్వాకాన్ని.

నూట పన్నెండు అయ్యాక ఆయన ఫోను ఆపారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "మాట తప్పానండీ. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

ఆయన ఫోనుతో చెరువు వైపు చూపించారు. "నలభై ఒకటి విన్నాక ఫోను చెరువులోకి విసిరేద్దామని లేచానండీ."

"మరి?"

"ఈలోగా నలభై రెండు మొదలైంది. కరుణమ్మ గారి వంటలు." పెదవుల చివర నవ్వు మెదిలింది. "సరే, అది అయ్యాక విసురుదాం అనుకున్నాను. తర్వాత నలభై మూడు. అలా వింటూ వింటూ నూట ఏడు దాకా వచ్చాను. నూట ఏడు నిజమేనాండీ?"

నూట ఏడు ఎవరో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక తల కొట్టుకున్నాను. దేవసహాయం మేస్త్రీ గారు. రోజూ సుబ్బారాయుడు గారికి ఎదురుగా అదే బల్ల దగ్గర కూర్చునే మనిషి. ఆయనకీ చదవడం రాదు. ఆయనకీ వేరుగా, పెందలాడే వచ్చినప్పుడు, నేనే చదివి వినిపించేదాన్ని. ఆయనకీ మాటిచ్చాను.

"పదకొండేళ్ళండీ!" అన్నారు సుబ్బారాయుడు గారు. "పదకొండేళ్ళుగా ఆయన ముందు పేజీ చూసి నాకిస్తారు, నేను లోపలి పేజీ చూసి ఆయనకిస్తాను. ఆయన చూస్తున్నారు కదా అని నేను త్వరగా తిప్పేవాణ్ణి కాదు. మెడ నొప్పి పుట్టేది! నేను 'దారుణమండీ' అంటే ఆయన 'మరేనండీ, దారుణం' అనేవారు. దేనికండీ మేమిద్దరం అంత బాధపడింది?"

అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, మంచం ఊగిపోయేలా నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను.

మర్నాడు ఉదయం లైబ్రరీ కిటకిటలాడింది. అందరూ పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు, ఒక్కరూ పేజీ తిప్పడం లేదు. మేస్త్రీ గారు ముందే వచ్చి, ముఖం కనపడకుండా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. సుబ్బారాయుడు గారు వచ్చి ఎదుట కూర్చున్నారు.

"మేస్త్రీ గారూ, మీకయిపోతే ముందు పేజీ ఇటివ్వండి."

పేపరు వెనకనుంచి సన్నని గొంతు వచ్చింది. "నాకెప్పుడో అయిపోయిందండీ. మీకోసమే పట్టుకుని కూర్చున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని బల్ల గుద్ది మరీ నవ్వారు. గదంతా నవ్వింది. సుబ్బారాయుడు గారు ఆ పేపరు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇక నలుగురిలోనే చదవండమ్మా. మాకిద్దరికీ ఒకేసారి అయిపోతుంది, మీకూ గొంతు నొప్పి తగ్గుతుంది" అన్నారు.

చదివాను. హెడ్మాస్టారు నా ఉచ్చారణ రెండుసార్లు దిద్దారు. ముప్పై ఏళ్ళలో నేను ఎందరికో పుస్తకాలిచ్చాను గానీ, ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆ ఇద్దరంత పెద్దమనుషులను చూడలేదు. వాళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే బీరువాల సాక్షిగా ప్రమాణం చేశాను. మనుషుల గురించి ఏ గడిలోనూ ఒక్క ముక్క రాయను. రాసినా ఎక్కించను. ఎక్కించినా పంపను. మరి ఇదంతా రాశారు కదా అంటారేమో, అచ్చుకిచ్చే ముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించి, ఒప్పుకున్నాకే ఇచ్చాను. మేస్త్రీ గారు ఒక్క అభ్యంతరం మాత్రం చెప్పారు. పదకొండేళ్ళు ఒక్క అక్షరం రాకుండా పేపరు చదివినవాణ్ణి, ఆ నటన గురించి ఇంకో నాలుగు ముక్కలు రాయాల్సిందండీ, అన్నారు.