నాలుగింటికి వేసిన లైటు

శానా ఏండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. జనవరి వచ్చిందంటే అది ఇంకింత బరువైతది. మా ఆయనకు గూడ చెప్పలే. మీకు చెప్తున్న, మీరు నా మొఖం ఎరగరు గనుక.

మేము బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉంటం. మా చర్చిల కొత్త సంవత్సరం ఆరాధన అయినంక ఒక్కొక్కలు లేచి, ఈ యేడు ఏం చేస్తరో అందరి ముందట తీర్మానం చెప్పాలె. నేను చదివింది అయిదో తరగతి. ఊరోళ్ల కథలు ఎన్నన్న చెప్త, గని నా గురించి నేను ఏం చెప్పాలె? ఈ అబద్ధం మొదలైన యేడు ఒకామె శుక్రవారం శుక్రవారం ఉపాసముంట అన్నది. ఇంకొకామె సీరియళ్లు బందు చేస్త అన్నది. పాస్టరమ్మ నా దిక్కు చూసింది. రోజు పొద్దున నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తనని నోట్లకెళ్లి వచ్చేసింది.

నా పక్కన కూసున్న సుగుణ లేచి, నేను గూడ అక్క లెక్కనే అన్నది. సుగుణది మా ఎదురు క్వార్టరు. ఆమె వంటింట్ల నిలబడితే మా వంటింటి కిటికీ కనవడ్తది. అప్పుడే రెండో కాన్పు అయింది. రక్తం తక్కువున్నదని దవాఖానల గోలీలిచ్చి, మంచిగ పండుకోమన్నరు.

కొన్ని దినాలు నిజంగనే లేచి ప్రార్థన చేసిన. చలి. ఒకనాడు లేవలే. ఇయ్యాల లైటు వెయ్యలేదేంది అక్కా అని నల్లకాడ నీళ్లు పట్టుకుంట సుగుణ అడిగింది. జరమొచ్చింది అన్న. గప్పటిసంది అలారం పెట్టుకొని లేచి, వంటింట్ల లైటు వేసి, మళ్ల వచ్చి దుప్పట్ల దూరేదాన్ని. లేవనైతే లేచిన గదా, అక్కడనే జరసేపు మోకాళ్ల మీద ఉంటే ఏం పోయేది? ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్ననో. దేవునికి భయపడలే, ఎదురింటి కిటికీకి భయపడ్డ.

ఎండకాలం ఒక తెల్లారుజామున సుగుణ కండ్లు తిరిగి వంటింట్ల పడ్డది. చెయ్యి విరిగింది. ఆమె చంటిదాన్ని ఎత్తుకున్న, వాళ్లింట్ల అన్నం వండిన, ఆమె తల దువ్విన. లైటు ముచ్చట మాత్రం చెప్పలే.

మళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. తీర్మానం నిలబెట్టుకున్నోళ్లు లేవుండ్రి అన్నరు. లేచిన. చప్పట్లు కొట్టిన్రు. సుగుణ గూడ కొట్టింది, సక్కగ అతకని చేత్తోని. బయట చాయ్ తాగుతుంటే దగ్గరికొచ్చింది.

"నీ లైటు చూసే లేచేదాన్ని అక్కా. లేకుంటే హాయిగ పండుకుందును."

"నిన్నెవలు చూడమన్నరే," అని నవ్విన.

"పడ్డంక మళ్ల నాతోని కాలే. నీకు ఎట్లయిందక్కా?"

"మనసు పెడితే అయితది చెల్లె."

"గట్లయితే నాకే మనసు లేదు తియ్యి," అన్నది, చాయ్ గ్లాసు దిక్కు చూసుకుంట.

ఆమె పడింది నా లైటుతోనేనా, రక్తం తక్కువయ్యా? ఎవలు చెప్తరు? గని మనసు పెడితే అయితదన్న మాట మాత్రం నాదే. అడిగి మరీ నిజం చెప్పేటందుకు జాగ ఇచ్చింది, నేను ఆమెకు బోధ చేసిన.

తర్వాత వాళ్లాయనకు బదిలయి నస్పూర్ పోయిన్రు. కొత్త సంవత్సరం నాడు ఫోన్ చేసుడు మాత్రం మానలే. ఈ యేడు గూడ చేసింది. ఈసారన్న నీలెక్క లేవాలె అక్కా, ఇన్నేండ్లాయె, నేను దేనికి పనికొస్త చెప్పు అన్నది. నవ్వుకుంటనే అన్నది. నిజం నాకు నోటిదాక వచ్చింది. పానం మంచిగ చూసుకో చెల్లె అని ఫోన్ పెట్టేసిన.

ఇయ్యాల గిది రాస్తున్న. నేను ప్రార్థన చెయ్యలే. మొదటి కొన్ని దినాలు తప్ప, లైటు వేసి పండుకున్న, ఏడాదంత. ఆమె మనసుకేం తక్కువ లేకుండె. ఎవలన్న ఇది చదివి, ఆమెను గుర్తువట్టి చెప్తే చెప్పనీ. ఆమె ఫోన్ చేసి అడిగితే, ఈసారి దాచను, నిజమే చెప్త.