మూడు తలల పీరు

తాండూరు తహసీలు కచేరీలో గుమాస్తాగా చేరిన ఏడాదే నేను అక్కడి ఆయుధపూజ చూశాను. టైపు మిషనుకు పసుపు, బీరువాలకు బొట్లు, జీపుకు బంతిపూల దండ. అన్నిటికన్నా ముందు ఇత్తడి సీలుకు కుంకుమ. కరిగిన లక్క మీద ఒత్తితే మూడు సింహాల తలలు పడే సీలు అది. వికారాబాదులో కాస్త చదువుకున్న రైతుబిడ్డను, నోరు ఊరుకోదు. "సర్కారుకు మతం లేదని చెప్పి, దాని ముద్రకే బొట్టు పెడతారా?" అని వేళాకోళం ఆడాను.

నైజాం కాలం నుంచీ ఉన్న పెద్ద గుమాస్తా అద్దాల మీదుగా చూశాడు. "మతం లేదు గని మర్యాద ఉన్నది. జర నోరు మూసుకొని కొబ్బరి తిను" అన్నాడు.

ఆ సీలును నేను మొదటిసారి చేతిలో పట్టుకున్నది పెద్దేముల్ అవతల ఒక పల్లె తగువులో. అక్కడ మొహర్రానికి ఎత్తే పీర్లను ఉంచడానికి నాపరాళ్ళతో కట్టిన పీర్ల చావిడి ఉండేది. పీర్లను చూసుకునే ముజావరు కుటుంబం పోలీసు చర్య నాటి గడబిడలో ఊరు విడిచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పీర్లు లోపలే ఉన్నాయని కొందరు, వాళ్ళు మూటగట్టుకు పోయారని కొందరు. కొన్నేళ్ళకు ఒక జట్టు అందులో భజన చేస్తామంది. తరతరాలుగా పీర్లను ఎత్తిన ఇంకో జట్టు అడ్డం పడింది. విచిత్రమేమిటంటే రెండు జట్లూ హిందువులే. కర్రలు లేచాక సర్కారు వెళ్ళి తలుపుకు తాళం వేసింది. తాళం మీద లక్క పోసి ముద్ర కొట్టింది నేనే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు తీర్చామని మా బంట్రోతు నవ్వాడు. నాకు మాత్రం గర్వంగా ఉండింది. సర్కారంటే ఇలా ఉండాలి, ఇటూ కాదు, అటూ కాదు అనుకున్నాను.

చాలా ఏళ్ళు గడిచాయి. ఆ చావిడిని బడికి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. సీలు తీయడానికి నేనూ బంట్రోతూ సైకిళ్ళ మీద బయల్దేరాం. ఎండాకాలం, మిట్ట మధ్యాహ్నం. ఊళ్ళో అడుగుపెడితే ఒక్క కుక్క మొరగలేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మూసిన తలుపుల వెనక మనుషులు ఉన్నారని మాత్రం తెలుస్తోంది. మలుపు తిరగకముందే ఊదు వాసన వచ్చింది. పీర్ల పండుగ అప్పటికి చాలా దూరం ఉంది.

"ఎవరో చచ్చిపోయారేమో" అన్నాను.

బంట్రోతు సైకిలు దిగి నడిపించుకుంటూ నా వెనక్కి వచ్చాడు.

చావిడి ముందు ఎవరూ లేరు. తలుపు నిండా, పీర్లకు మొక్కి కట్టే రంగుగుడ్డలు, దట్టీలు, వేలాడుతున్నాయి. వాటి నడుమ ఎండుకొబ్బరి కుడుకల దండలు. గాలి లేదు, కానీ ఒక పచ్చ దట్టీ కొద్దిగా కదులుతోంది. అన్నిటి మధ్యా నా తాళం, తాళం మీద నా లక్క. మూడు సింహాల తలలకూ మూడు బొట్లు. కింద గడప దగ్గర నిప్పుల మీద ఊదు పొగ. లోపలి దేవుడికి కాదు, నేను కొట్టిన ముద్రకు మొక్కుతున్నారు.

నాకు చీకట్లో నడుస్తూ నడుస్తూ మన పేరు మనకే వినబడితే ఎలా ఉంటుందో అలా ఉండింది.

ఊరి కావలికారు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "ఏందయ్యా ఇది?" అని గద్దించాను.

"మూడు తలల పీరు సారూ. లోపటి పీర్ల కోసం కొట్టుకున్నోళ్ళను ఒక్క దెబ్బకు ఊకోబెట్టింది గద. గంత బలం ఇంక దేనికున్నది? ఇప్పుడు రెండు జట్లూ దీనికే మొక్కుతయి."

నేను చాకు తీసేసరికి ఒక గొల్లామె పరుగున వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది. చంకలో చిన్న పిల్లాడు, మొలకు దట్టీ ముక్క.

"ఇప్పకుండ్రి అయ్యా, మీ కాల్మొక్త. నాకు పుట్టినోళ్ళు పుట్టినట్టే పోయిన్రు. వీన్ని గీ పీరుకు మొక్కినంకనే బతికిండు. ఇది పోతె వీడు పోతడు."

"ఇది పీరు కాదమ్మా. సర్కారు ముద్ర. నేనే కొట్టాను. సర్కారుకు దేవుడు లేడు."

"లేకుంటె మరి గిన్నేండ్ల సంది గీడ ఎవలు కూసున్నరు?"

 ఎవరి పక్షమూ కాకూడదని మేం ముద్ర కొట్టాం. కానీ గడప మీద కూర్చున్నదాన్ని మన జనం మొక్కకుండా వదలరు. అందులో ఏ దేవుడూ లేడంటే ఇంకా భయపడతారు. ఉత్తర్వు నా జేబులో ఉంది. ఆమెను పక్కకు జరగమని చెప్పి లక్క మీద చెయ్యి వేశాను. అంత నీడలో, అన్నేళ్ళ లక్క, ఆ రోజే పోసినట్టు వెచ్చగా ఉంది. చాకు ఆనించగానే విరిగింది. అప్పటిదాకా ఏడుస్తున్న పిల్లాడు ఏడుపు ఆపేశాడు.

లోపల ఏమీ లేదు. పీర్లు లేవు, పెట్టె లేదు, దీపపు గూట్లో మసి కూడా లేదు. ఖాళీ గది కోసం కర్రలు ఎత్తారు, ఖాళీ గదికి మేం కాపలా కాశాం. ఊదు వాసన మాత్రం బయటికన్నా లోపలే ఎక్కువగా ఉంది. తలుపు సందులోంచి పొగ పోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లక్క ముక్కలు ఏరి నా దోసిట్లో పోసింది. "మీదే అంటివి గద. అయితె వీన్ని గూడ మీకే ఒప్పజెప్తున్న. ఇగ మీరే కాయాలె" అని పిల్లాడి తల నా చేతికి ఆనించి వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక బంట్రోతు చెప్పాడు, పిల్లాడికి జ్వరమని, కళ్ళు తెరవడం లేదని. తల్లి ఏ మందుకూ, ఏ మొక్కుకూ పోవడం లేదట. "సర్కారుకు ఒప్పజెప్పిన, సర్కారే చూసుకుంటది" అని గడపలో కూర్చుందట.

 సర్కారంటే ఆమె లెక్కలో నేనే. తహసీల్దారు గారిని బతిమాలి జీపు తీయించాను. సర్కారు దవాఖాన డాక్టరును భోజనం మీద నుంచి లేపి ఎక్కించాను. బురదలో జీపు దిగబడిన ప్రతిచోటా దిగి తోశాను. జీవితంలో అంత భయం నాకు మళ్ళీ కలగలేదు. డాక్టరు సూది వేసి, రెండు రోజులు అక్కడే ఉన్నాడు. పిల్లాడు కళ్ళు తెరిచాడు.

నేను గోడకు జారగిలబడి ఏడ్చేశాను. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు ఎర్కనే. అది రాకుంట ఊకుంటదా?" అంది. ఆమె చూపు నా వైపు లేదు. నా భుజం వెనక ఖాళీ వాకిట్లో ఎవరో నిలబడినట్టు అటు చూస్తోంది. నేను వెనక్కి తిరగలేదు.

ఆ ఏడు దసరాకు పెద్ద గుమాస్తా కుంకుమ పళ్ళెం నా ముందు పెట్టాడు. ఇత్తడి సీలుకు నేనే బొట్టు పెట్టాను. చలిగాలి కొడుతున్న ఆ పొద్దున కూడా సీలు వెచ్చగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకొని కొబ్బరి తిన్నాను.