మూడు నిమిషాల వెనక

మా అన్న మనవరాలు ఫుంగ్ లోక్-యీ గెలిచిన పోటీలన్నీ నాకు కంఠస్థం. హాంకాంగ్‌లోని యున్ లాంగ్‌లో ఊరి బడిలో ఆరో తరగతితో ఆపినవాణ్ణి, అయినా ఒక్కటి కూడా తప్పు చెప్పను. పదకొండేళ్ళకే మాజాంగ్ పలకల ఆటలో మా చెల్లెళ్ళిద్దర్నీ ఓడించి ఏడిపించింది. పదహారేళ్ళకు కంప్యూటర్ పేకాటలో జిల్లాకే మొదటిది. పంతొమ్మిదికి తైవాన్‌లోని తైపే వెళ్ళి తొమ్మిది మంది మగపిల్లల్ని వరసగా ఓడించింది. ఆ తర్వాత మూడేళ్ళూ ఆమె ధ్యాసంతా ఒక్కదాని మీదే: ప్రపంచ పోటీలో సీటు.

ఆమె ఆడే గది మా కాల్చిన బాతుల కొట్టుకు సరిగ్గా పైన. ఎదుటివాళ్ళు ముక్కలు చూసి మోసం చేయకుండా, ఆ పేకాట నడిపే కంపెనీ ఆటను టీవీలో మూడు నిమిషాలు ఆలస్యంగా చూపించేది. గెలిచిన మరుక్షణం మా పిల్ల పైన నేలను రెండుసార్లు తన్నేది. కింద మినీబస్సు డ్రైవర్ ఆ-కౌ టీవీ ముందు గోళ్ళు కొరుక్కుంటుంటే, నేను తాపీగా ఆమెకిష్టమైన బాతు తొడ కోసేవాణ్ణి.

“ముసలాయనా, ఆట ఇంకా తేలందే తొడ కోస్తావేంటి?”

“నువ్వు చూసుకో. నేను కోసుకుంటా.”

2019 అక్టోబరులో, వీధుల్లో నిరసనలు సాగుతుండగా, ఆఖరి అర్హత ఆట జరిగింది. మధ్యాహ్నం రెండు తన్నులు వినపడ్డాయి. సీటు వచ్చేసింది! కత్తి అందుకున్నాను. ఇంతలో తెరిచి ఉన్న పై కిటికీలోంచి ఆమె గొంతు వీధంతా వినిపించింది. కెమెరా ముందు విజేతను మాట్లాడించే సమయమది.

“పోలీసులు పట్టుకుపోయిన మా పిల్లల్ని వదలండి! హాంకాంగ్‌కి స్వేచ్ఛ కావాలి!”

కొట్టులో అందరూ నోళ్ళు తెరిచారు. పక్క చేపల కొట్టు మ్యూయీ నా మోచెయ్యి పట్టుకుంది. “అమ్మో, నీ మనవరాలికి గుండె ఎంత పెద్దది!”

ఆ-కౌ పరుగున వెళ్ళి టీవీ గొంతు పెంచాడు. ప్రపంచమంతా వినబోయే ఆ మాట కోసం మూడు నిమిషాలు ఎదురుచూశాం. తెరమీద మా పిల్ల గెలిచింది, నవ్వింది. “ఏమైనా చెబుతారా?” అని అడిగారు. ఆమె నోరు తెరిచింది.

పళ్ళరసం ప్రకటన వచ్చింది.

తర్వాత వ్యాఖ్యాతలు తిరిగొచ్చి రేపటి ఆటల గురించి మాట్లాడుకున్నారు. ఆమె పేరే ఎత్తలేదు. మోసం జరగకుండా పెట్టిన ఆ మూడు నిమిషాలే ఆమె నోరు నొక్కడానికి సరిపోయాయి. నా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

లోక్-యీ చెమటతో మెట్లు దిగి వచ్చింది. “చిన్నతాతా, వచ్చిందా?”



“టీవీ పాడైందమ్మా,” అన్నాడు ఆ-కౌ.

“పాడవలేదు. కోసేశారు,” అన్నాను నేను.

ఆమె స్టూలు మీద కూలబడిపోయింది.

మర్నాడు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాది నిషేధం. సీటు ఓడినవాడికి ఇచ్చారు. కంపెనీ విజేతల పట్టికలో నిన్నటి ఆటే కాదు, తైపే కూడా లేదు. జిల్లా కూడా లేదు. అసలు అలాంటి పిల్లే పుట్టనట్టు! మూడుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను.

ఎర్ర కాగితం తెచ్చి నా వంకర రాతతో ఆమె గెలుపులన్నీ రాసి, బాతులు వేలాడే గాజు కిటికీ పక్కన అంటించాను. ఆఖరి ఆటతో సహా.

ప్రపంచ పోటీ మొదలైన రోజు టీవీ పెట్టలేదు. మధ్యాహ్నం పైనుంచి రెండు తన్నులు వినపడ్డాయి. ఎవరితో ఆడిందో, ఏం గెలిచిందో ఎవరం చూడలేదు. ఆ-కౌ తలెత్తి నా వైపు చూశాడు.

నేను తొడ కోశాను.